పూజ బొట్టు కింద ఎర్ర దీపం

సాలూరు లారీల ఊరు. అక్కడ కారు నడిపి బతికినవాడు గంగులు ఒక్కడే. క్రైస్తవ మిషన్ దొర కెనడా నుంచి తెప్పించుకున్న ఆ కారులో స్టీరింగు పక్కన శనగగింజంత ఎర్ర దీపం ఉండేది. దొర వచ్చీరాని తెలుగులో దాని సంగతి గంగులుకి పదేపదే చెప్పాడు. హ్యాండు బ్రేకు దించాక కూడా అది వెలిగిందంటే బ్రేకు ఆయిలు ఎక్కడో కారిపోతోందన్నమాట. బండి వెంటనే ఆపేయాలి. ఘాటీలో, అంటే కొండదారి మలుపుల్లో అయితే గేరు తగ్గించి, హ్యాండు బ్రేకు మెల్లగా లాగుతూ కొండవారకి చేర్చాలి.

దొర తన దేశం వెళ్లిపోతూ కారుని లారీల యజమాని జగన్నాధానికి అమ్మేశాడు. కారుతోపాటు గంగులూ అతని దగ్గరికి మారాడు.

ఆ దసరాకి జగన్నాధం తల్లి తాయారమ్మ కారుకి పూజ చేసింది. గుండ్రంగా కనిపించిన ప్రతిదానికీ గంధం మెత్తి కుంకుమ అద్దింది. హెడ్‌లైట్లకి, మీటర్లకి, ఆఖరికి ఆ ఎర్ర దీపానికీ. గంగులు చూశాడు. తుడవాలని వేలు చాపాడు కూడా. కానీ సాలూరులో పూజ బొట్టు ఏ డ్రైవరూ తుడవడు, దానంతటదే రాలిపోవాలి. పైగా ఇంట్లో నీలవేణికి నెలలు నిండుతున్నాయి. కడుపుతో ఉన్న పెళ్లాన్ని పెట్టుకుని బొట్టు చెరపడానికి ఎవరికి చేతులొస్తాయి? వేలు వెనక్కి తీసుకున్నాడు.

వారం తిరక్కుండా, జగన్నాధాన్ని ఎక్కించుకుని కొరాపుట్ నుంచి ఘాటీ దిగుతున్నాడు. గంధం కింద దీపం ఎప్పుడు వెలిగిందో తెలియదు. మలుపులో బ్రేకు పెడలు నేలకి అంటుకుపోయింది. గేరు తగ్గించాడు, హ్యాండు బ్రేకు లాగాడు. అప్పటికే వేగం చెయ్యి దాటిపోయింది. తనవైపున్న కొండకేసి కారుని రుద్దేశాడు. జగన్నాధానికి నుదురు చీరుకుంది. గంగులు మోకాలు నుజ్జయిపోయింది.

తాయారమ్మ పెట్టిన బొట్టే కొడుకుని కాపాడిందని ఊరంతా చెప్పుకున్నారు. ఆస్పత్రి మంచం మీద గంగులు నోరు విప్పలేదు. విప్పితే, చూసి కూడా ఎందుకు తుడవలేదని అడుగుతారు. వంగని కాలికి స్టీరింగు ఎవరిస్తారు? పుట్టిన కూతుర్ని కర్ర ఊతతో వచ్చి చూసుకున్నాడు. నీలవేణి బియ్యం మిల్లులో కూలికి కుదిరింది.

మరుసటి దసరా వెళ్లిన మర్నాడు, జగన్నాధం షెడ్డు ముందు బాగుచేయించిన కారు కనిపిస్తే గంగులు లోపలికి తొంగి చూశాడు. ఎర్ర దీపం మీద పచ్చిగా గంధం, కుంకుమ. కొత్త డ్రైవరు రాముడు వరసకి మేనల్లుడే. వాడికి ఆ దీపం సంగతంతా విడమరిచి చెప్పాడు.

"ముందది తుడిసీరా."

"పూజ బొట్టు కదేటి మావా. నువ్వు తుడిసినావా?"

గంగులు తనే కిటికీలోంచి చెయ్యి పెట్టాడు. ఇంట్లో పిల్లకి నిన్నటినుంచి జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. గంధం దాకా వెళ్లిన వేలు అక్కడే ఆగిపోయింది.

రాముడు బండి స్టార్టు చేశాడు. గంగులు చెయ్యి తీసేసుకుని, ఘాటీకి పోయే కారుకి దారిచ్చాడు.