టీ కాగు దగ్గర చెప్పని మాట

ఇంగ్లీషు వాళ్లకు ‘మైండ్’ అన్నది మనసుకు పేరు మాత్రమే కాదు, చేసే పని కూడా. బిడ్డను కనిపెట్టుకుని ఉండడమూ అదే, మెట్టు చూసుకుని దిగమనడమూ అదే, ఒకరి మాటకు నొచ్చుకోవడమూ అదే. యార్క్‌షైర్ కొండల నడుమ ఉన్న మిల్లు ఊళ్లో ఎల్సీ బారక్లఫ్ బతుకంతా ఆ ఒక్క మాట మీదే నడిచిందంటే కాదనేవాళ్లు లేరు.

కడుపు పండని ఎల్సీ, తెల్లవారకముందే మిల్లుకు పోయే తల్లుల బిడ్డల్ని తన ఇంట్లో ఉంచుకుని పెంచింది. వాళ్లకు మీసాలొచ్చినా ఆమె ఎల్సీ ఆంటీయే. బొగ్గులు వేసేవాడు గుమ్మం దాటుతుంటే, తడిగా ఉంది చూసుకో నాయనా అనేది. ఎవరైనా వేడి గిన్నె అందుకుంటే, వేళ్లు జాగ్రత్త తల్లీ అనేది. ఆ హెచ్చరిక వినకుండా ఆమె ఇంట్లోంచి ఎవరూ బయటికి రాలేదు.

తననేమైనా అడిగితే మాత్రం ‘ఐ డోంట్ మైండ్’ అనేది, నాకేం ఫర్వాలేదని. ఆఖరి కేకు ముక్క ఇంకొకరికి పోయినా ఫర్వాలేదు, చలిలో బెంచీ చివర కూర్చోబెట్టినా ఫర్వాలేదు. ఆ ఊళ్లో మర్యాద తెలిసినవాళ్లంతా అలాగే అంటారు. ప్రాణం చివుక్కుమన్నా అలాగే అంటారు.

ఆమె తనదనుకున్నది ఒక్కటే, చాపెల్ అనే ఆ ఊరి చిన్న చర్చిలోని టీ కాగు. సండే స్కూలు వార్షికోత్సవం నాడు కొళాయి బిగించిన ఆ రాగి కాగు దగ్గర నిలబడి అందరి కప్పులూ నింపడం అక్కడి ఆడవాళ్లలో చిన్న గౌరవం కాదు. తల్లి తర్వాత అది ఎల్సీకి వచ్చింది.

ఆ ఏడు మహిళా సంఘం పనులు మ్యూరియల్ క్రాబ్ట్రీ చేతికి వచ్చాయి. లీడ్స్ నగరం నుంచి వచ్చిన మనిషి, చురుకైనది, మంచిది కూడా. తనే నడుచుకుంటూ ఎల్సీ గుమ్మంలోకి వచ్చింది.

“బారక్లఫ్ గారూ, ఈసారి కాగు దగ్గర నేను నిలబడనా? ఒక్క ఏడైనా మీరు కూర్చుని తాగుదురు గాని. మీకేమీ అనిపించదు కదా?”

“నాకేం ఫర్వాలేదమ్మా.”

తలుపు వేశాక ఎల్సీ ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది.

ఆ కాగుకు ఒక తెగులుంది. కొళాయి పిడిని సగానికి మించి తిప్పితే మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. ఎల్సీ గుడ్డ చుట్టి, ఎడమచేత్తో అదిమిపట్టి తిప్పేది. ఇన్నేళ్లుగా ఆ కొళాయిని ఇంకొకరు తిప్పలేదు గనుక ఇంకొకరికి ఆ సంగతి తెలియదు.

పండుగ నాడు హామ్ శాండ్విచ్‌లు, పండ్ల కేకు, దాని పక్కన చీజ్ ముక్కలు బల్లల మీదికి వచ్చాయి. మ్యూరియల్ జాకెట్టు చేతులు పైకి మడుచుకుంటూ కాగు దగ్గరికి నడుస్తోంది. పిలిచి చెప్పాలని ఎల్సీ సగం లేచింది కూడా. అప్పుడే పక్క బల్ల నుంచి ముసలి ఏమస్ అన్నాడు:

“ఏంటి ఎల్సీ, రాణిగారిలా కూర్చున్నావు? కాగు నీకు విడాకులిచ్చిందా?”

చుట్టూ నవ్వారు. ఎల్సీ కూడా నవ్వి, కూర్చుండిపోయింది. ఎలా చేస్తుందో చూద్దాం అనుకుంది. అంతే అనుకుంది.

పిడి ఊడింది. మరిగే నీళ్లు మ్యూరియల్ కుడిచేతి మీద ముంజేతి దాకా పడ్డాయి. ఎవరో వెన్న తెచ్చి రాయబోతే ఎల్సీ వాళ్లను తోసేసి, ఆ చేతిని చల్లటి నీళ్ల కింద పట్టుకుని డాక్టరు వచ్చేదాకా వదల్లేదు. ఎల్సీ లేకపోతే ఏమయ్యేదో అని ఊరంతా చెప్పుకున్నారు. పక్కింటామె ‘పై’ అనే మాంసం రొట్టె చేసి పంపింది. మరుసటి ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ఎల్సీ చేతుల కోసం దేవునికి స్తోత్రం చెల్లించారు. ఆమె తల ఎత్తలేదు. ఆ రోజే ప్రభు బల్ల; తప్పు దాచుకుని ఆ రొట్టె ముట్టకూడదంటారు. రొట్టె అందుకోవడానికి అందరూ లేచి వెళ్తుంటే, మోకాళ్లు నొప్పని చెప్పి బెంచీలోనే ఉండిపోయింది.

మర్నాడు గుడ్ల కస్టర్డ్ చేసుకుని మ్యూరియల్ ఇంటికి వెళ్లింది. గిన్నె బల్ల మీద పెట్టింది గాని కుర్చీలో కూర్చోలేదు.

“ఆ పిడి ఊడుతుందని నాకు తెలుసమ్మా. నువ్వు నడిచి వెళ్తుంటే చూస్తూ ఉన్నాను. చెప్పలేదు.”

మ్యూరియల్ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని పొయ్యి వైపు తిరిగింది.

“నేను మీ ఇంటికొచ్చి అడిగాను కదండీ.”

“అడిగావు.”

“ఫర్వాలేదన్నారు.”

“అబద్ధం చెప్పాను.”

మ్యూరియల్, పాస్టరుగారికి ఈ సంగతి మీరే చెప్పండి, నేను చెప్పను అంది. ఎల్సీ తల ఊపింది. సాయంత్రమే వెళ్తానంది. ఇక బయల్దేరదామని శాలువా సర్దుకుంటుంటే మ్యూరియల్ ఇటు తిరగకుండానే అంది:

“ఎడమచేత్తో జుట్టు దువ్వుకోవడం రావట్లేదు. దువ్వెన ఆ అద్దం కింద ఉంది.”

క్షమించిందో లేదో ఎల్సీ అడగలేదు. కుర్చీ వెనక నిలబడి, వెంట్రుకలు లాగినట్టు కాకుండా, కొసల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క చిక్కూ తీసింది.