ఛార్జి దిగిన గొంతు

మా ప్రాంతంలో రచయిత అనిపించుకోవడానికి మూడు కావాలి. ఒకటి, గొంతు. రెండు, భుజం మీద కండువా. మూడు, పిలవని చోట కూడా మైకు అందుకోగల తెగువ. రాయడం ఈ జాబితాలో లేదు. నాకు వచ్చింది అదొక్కటే.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తి చేసి, ఇంటర్వ్యూల్లో నోరు పెగలక ఉద్యోగం రాక, అశ్వారావుపేటలో ఒక గదిలో పద్యాలు రాసుకుంటున్న రోజులవి. తొంభైల మొదలు. గది కిరాయి మా మేనమామ కట్టేవాడు. ఆయనకు ఎరువుల దుకాణం ఉంది. ఆ ఎండాకాలం మొదట్లో వచ్చి, గుమ్మంలోనే నిలబడి సంగతి తేల్చేశాడు.

"అల్లుడూ, ఈ పెండ్లిళ్ల సీజన్ అయ్యేదాక చూస్త. నీ రాతల మీద నీ కిరాయి నువ్వు కట్టుకుంటే సరే. లేకుంటే దుకాణంల కూసో. వచ్చినోళ్లకు దండం పెట్టు, చాయ్ తెప్పియ్యి, పంట ఎట్లుందని అడుగు. గింతే పని."

ఆయనకు అది గింతే. పొద్దస్తమానం మనుషుల మొహాల్లోకి చూస్తూ పంటల క్షేమం అడగడం కంటే కరెంటు తీగను ఒట్టి చేత్తో పట్టుకోవడం నాకు తేలిక.

కోస్తా నుంచి వచ్చి మా వైపు పొలాలు కొన్న కుటుంబాల్లో అప్పటికింకా ఒక ఆచారం మిగిలి ఉంది. వధూవరుల మీద ఐదు పద్యాలు రాయించి, గులాబీ రంగు కాగితం మీద అచ్చేయించి పంచేవారు. తలంబ్రాలయ్యాక మైకులో చదివించేవారు. పంచరత్నాలనేవారు వాటిని. ఎవరూ వినేవారు కాదు. కాగితం మాత్రం పనికొచ్చేది, ఉక్కకు విసురుకోవడానికి, పిల్లల మూతులు తుడవడానికి, మిగిలిన లడ్డూ పొట్లం కట్టడానికి. నేను ఆ పద్యాలను స్విచ్‌బోర్డు బిగించినట్టు బిగించేవాణ్ణి. వరుడు చంద్రుడు, వధువు వెన్నెల, పెళ్లికొడుకు తండ్రి కల్పవృక్షం. పేర్లకు ఖాళీలు. గణాలు సరిపోతే పని అయినట్టే. కల్పవృక్షం అన్నందుకు ఏ తండ్రీ ఇంతవరకు మొహమాటపడలేదు.

పెనుబల్లి దగ్గర రైసు మిల్లు ఉన్న ఒక ఆసామి తన కొడుకు పెళ్లికి రాయించుకోవడానికి వచ్చాడు.

"పద్యాలు బాగున్నాయయ్యా. పెళ్లిలో నువ్వే వచ్చి చదవాలి."

"రాస్తానండి. చదవను."

"రాసినవాడు చదవకపోతే, రాశాడని జనానికి ఎలా తెలుస్తుంది?"

"కాగితం మీద ఉంటుంది కదండీ."

"కాగితం ఎవడు చదువుతాడయ్యా!" అన్నాడు, ఆ కాగితానికి డబ్బిచ్చే మనిషే. తన చుట్టాల్లో మరో రెండు పెళ్లిళ్లున్నాయనీ, చదివితే అవి కూడా నాకేననీ, లేకపోతే ఇది కూడా లేదనీ చెప్పాడు. ఆ మూడూ పోతే నాకు మిగిలేది ఎరువుల దుకాణం. క్యాసెట్‌లో రికార్డు చేసిస్తానన్నాను. పెళ్లిలో టేప్‌రికార్డరు మోగడం గొప్పగా తోచి ఒప్పుకున్నాడు. తలుపులు మూసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ చదివాను. నాది పీల గొంతు. అందులో పద్యం వింటే ఎవరో క్షమాపణ అడుగుతున్నట్టుంటుంది.

పెళ్లినాడు మైకుసెట్టు నడిపే అతని వెనక టెస్టరు పట్టుకుని నిలబడ్డాను. టెస్టరు చేతిలో ఉన్నవాణ్ణి ఎవరూ పలకరించరు. నా చదువు నాకు చేసిన మేలు అదొక్కటే. సరిగ్గా పద్యాల వేళకు కరెంటు పోయింది. అతను బ్యాటరీ తగిలించాడు.

"అన్నా, దీంట్లో ఛార్జి దిగింది," అన్నాను.

"ఏం గాదు తమ్మీ, నడుస్తది."

నడిచింది, కుంటుతూ. ఆంప్లిఫయరే ఉన్నదంతా లాగేస్తుంటే టేపు తిప్పే మోటారుకు శక్తి చాలలేదు. టేపు నెమ్మదిస్తే గొంతు బరువెక్కుతుంది. నా పీల గొంతు బావిలోంచి దున్నపోతు మాట్లాడినట్టు బయటికొచ్చింది. సిగ్గుతో ఆపబోతే అతను నా చెయ్యి మీద ఒక్కటిచ్చాడు.

"ఏయ్, ముట్టకు! జనం ఇంటున్నరు!"

నిజంగానే వింటున్నారు. నా పద్యాలతో విసురుకుంటున్న ముసలాళ్లు విసరడం ఆపేశారు. "అబ్బ, ఏం గొంతు! మేఘం ఉరిమినట్టు లేదూ!" అన్నాడొకాయన. 'కల్పవృక్షం' అన్న మాట పూర్తయ్యేలోపు ఒక కొబ్బరి మొక్క నాటుకోవచ్చు. అక్కడ మిల్లు ఆసామి కళ్లు తుడుచుకున్నాడు.

తరువాతి వారం ఆయన ఇద్దరు చుట్టాలతో నా గదికి వచ్చాడు.

"ఆ గొంతాయన్ను పిలువు."

"అది నేనేనండి."

ముగ్గురూ నవ్వారు. "పిచ్చుక గొంతేసుకుని ఎగతాళా!"

బ్యాటరీ గురించీ, మోటారు గురించీ, టేపు వేగం గురించీ వరసగా చెప్పాను. కరెంటు బిల్లు చదువుతుంటే విన్నంత మర్యాదగా విన్నారు. "చెప్పకూడదంటే చెప్పకులే," అన్నాడు ఒక చుట్టం. రెండో ఆయన కిటికీలోంచి భద్రాచలం వైపు చూసి, "అడవిలో ఉంటారేమో. అంతటివాళ్లు జనంలోకి రారు," అన్నాడు. నేను జనంలో కలవక ఏళ్లయింది. దాన్ని మా మామ జబ్బు అనేవాడు. అదే పనిని అసలు లేనే లేని మనిషి చేస్తే తపస్సట.

ఆ రెండు పెళ్లిళ్లే కాదు, వాటి వెనక మరికొన్ని వచ్చాయి. ఇక బ్యాటరీ దయ మీద ఆధారపడలేదు. గదిలోనే, అరిగిన సెల్లులతో నా టేపును నడిపించి, ఆ గొంతును ఇంకో రికార్డరులో మరో క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాణ్ణి. కిరాయి నేనే కట్టాను.

సీజన్ చివర మామ వచ్చాడు. మిల్లు ఆసామి ఆయన ఖాతాదారే. మామ ఆ పెళ్లిలో భోజనం చేశాడు, గొంతు విన్నాడు.

"ఆ పెద్దాయన దగ్గర పని జేస్తున్నవని ముందే చెప్తే ఏంది రా?"

"మామా, ఆ గొంతు నాదే."

"అవ్ అవ్, నీదే. నాది దేవుని గొంతు. దుకాణం మాట మరిచిపో. గసుంటి మనిషి దగ్గరుంటే నీకు గూడ రెండు మాటలొస్తయి. నా కొడుకు పెండ్లి కుదిరింది. ఆయనతోనే రాయియ్యి. నడుమల నువ్వు చెయ్యి పెట్టకు."

పెట్టనన్నాను. ఆయన స్కూటరు చప్పుడు దూరమయ్యాక గడియ వేసి, సొరుగులోంచి అరిగిన సెల్లులు తీశాను. మా మామను కల్పవృక్షం చేశాను. గణాలు సరిపోయాయి.