ఎర్ర సీసా వెనక్కి పెట్టిన రోజు

మా ల్యాబులో ఆమెను అందరం కంట్రోలక్క అనేవాళ్ళం. ఎవరు ఏ మైక్రోస్కోపు ఫొటో తెచ్చి చూపించినా మొదటి ప్రశ్న "కంట్రోల్ ఏదమ్మా?" అనే. మైక్రోస్కోపులోని లేజరు పడితే మొక్క కణాలు ఏ రంగూ వేయకపోయినా కొంత వెలుగుతాయి. అందుకే రంగు వేయకుండా ముందొకసారి చూడాలి, అదే కంట్రోల్. ఆ సొంత వెలుగును రంగనుకుంటే కొంప మునిగినట్టే. ఇరవై ఏళ్ళుగా ఈ ఒక్క మాటతో ఎందరిని ఏడిపించిందో! నా చేత మూడు వారాల పని చెత్తబుట్టలో వేయించింది.

రంగు ఎంచడంలో మాత్రం ఆమెకు సాటి లేరు. కణం బతికుందో లేదో తేల్చాలంటే రెండు రంగులు కలిపి వేసేది. ఒకటి బతికున్న కణంలోకి చేరాకే పచ్చగా వెలుగుతుంది. రెండోది చచ్చిన కణంలోకి దూరి దాని కేంద్రకాన్ని ఎర్రగా చూపిస్తుంది. "ఒక్కదాన్నే నమ్మితే మనకు నచ్చిందే చూస్తాం" అనేది.

ఆమె తమ్ముడి ఉద్యోగం అడవి మొక్కల విత్తనాలు సేకరించడం. ఒకే ఒక్క కొండచరియ మీద మిగిలిన చిన్న మొక్క కోసం ఎక్కి, జారిపడ్డాడు. నడుం కింద చచ్చుబడిపోయింది. జేబులో పదకొండు గింజలు దొరికాయి. ఆ ఏటి వానల్లోనే చరియ కూడా విరిగిపడి, ఆ మొక్క అక్కడా లేకుండా పోయింది. అక్క ల్యాబులో నాటితే పది గింజలు మొలవలేదు. పదకొండోది మొలిచి, రెండాకులు వేసి, నెల తిరక్కుండానే వాడిపోసాగింది. తమ్ముడు రోజూ మంచం మీంచి ఫోను చేసి, "ఎలా ఉందక్కా?" అని అడిగేవాడు.

ఒక ఉదయం ఆ మొలక వేరు కొస కాస్త తుంచి గాజుపలక మీద పరిచింది. నేను పక్కనే ఉన్నాను. ఫ్రిజ్‌లోంచి రెండు సీసాలూ తీసి, ఎర్రదాన్ని వెనక్కి పెట్టేసింది. రంగు లేకుండా ముందు చూడనూ లేదు. పచ్చది వేసి ఆ లేజరు మైక్రోస్కోపు కింద పెట్టగానే తెర మీద వేరంతా పచ్చగా కనిపించింది.

"బతికే ఉందిరా!" అని అక్కణ్నుంచే తమ్ముడికి ఫోను చేసింది. అవతల అతను ఏడవడం నాకూ వినిపించింది.

నేను తెర దగ్గరికి జరిగి చూశాను. బతికున్న కణమైతే లోపలంతా వెలగాలి. ఇక్కడ కణాల గోడలు తప్ప ఏమీ వెలగడం లేదు, అది రంగు కాదు, వాటి సొంత వెలుగే.

"ఎర్రది ఎందుకు వేయలేదక్కా?"

"వేస్తే తెలిసిపోతుంది కదే."

నాకు ఒళ్ళు మండింది. ఊరందరికీ నీతులు చెప్పి ఇదా చేసేది అని మొహం మీదే అడుగుదామనుకున్నాను. ఆమె మొహం చూశాక తెర ఆర్పేశాను.

వారం తిరిగేసరికి మొక్క తెచ్చి చూపించమని తమ్ముడు పట్టుబట్టాడు. ఒక్కత్తే వెళ్ళలేక నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. అతను కిటికీ దగ్గర కుండీకి చోటు కూడా చేయించి ఉంచాడు.

"అది పోయిందిరా. నేను ఫోను చేసిన రోజుకే పోయింది. నీకు అబద్ధం చెప్పాను."

అతను కోప్పడినా బాగుండేది. దుప్పటి కింద కాళ్ళ వైపు చూశాడు.

"మరి నేనెందుకు ఎక్కానక్కా?"

ఆమె మంచం చివర కూర్చుని, అతని పాదాలు ఒళ్ళోకి తీసుకుని, గట్టిగా ఒత్తడం మొదలుపెట్టింది. అతనికి ఆ సంగతే తెలియలేదు, కిటికీ వైపు చూస్తూ ఉన్నాడు.