నా శిష్యుడి గూఢచారి సినిమా

నా దగ్గర వయొలిన్ నేర్చుకున్నవాళ్లలో సినిమాకి సంగీతం చేసినవాడు ఒక్కడే. అది కూడా ఒక్క సినిమాకే. రెండోది ఎందుకు రాలేదో నాకు తెలుసు కాబట్టి ఇది రాస్తున్నాను.

వాడిది మా పెద్దాపురంలోనే బ్యాండు మేళం కుటుంబం. పెళ్లిళ్లకి క్లారినెట్టు, మరిడమ్మ జాతరకి డప్పు. నా దగ్గర చేరినప్పుడు వయొలిన్ కమాను కూడా డప్పు కర్ర పట్టుకున్నట్టే పట్టుకునేవాడు. "ఇది వాయించేది, బాదేది కాదు" అని క్లాసులో అందరి ముందూ అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు, వాడూ నవ్వేవాడు. అలా అనడం నాకు బాగానే ఉండేది, అబద్ధమెందుకు.

హైదరాబాదు వెళ్లి చాలా ఏళ్లు ఎవరెవరి దగ్గరో పనిచేసి, చివరికి ఒక గూఢచారి సినిమా సంపాదించాడు. ఫైటింగులూ ఛేజింగులూ నిండా ఉన్న సినిమా. నేపథ్య సంగీతమంతా వాడిదే, వాయించింది విదేశంలో పెద్ద ఆర్కెస్ట్రా. ఇది బాగుందనిపించుకుంటే ఇంకోటి ఇస్తామన్నారు నిర్మాతలు, లేదంటే లేదు. పని జరుగుతున్నన్నాళ్లూ ముక్కలు ముక్కలుగా నా ఫోన్‌కి పంపి "ఎలా ఉందండీ మాస్టారూ" అని అడిగేవాడు. నేను పేపరు చదువుకుంటూ విని, ఏదో ఒకటి రాసి పడేసేవాణ్ణి.

విడుదల రోజు మార్నింగ్ షోకి సామర్లకోట వెళ్లాం. వాళ్ల నాన్న తన మేళాన్నంతా ఎర్ర కోట్లతో దింపి థియేటరు గేటు దగ్గర వాయించాడు. తర్వాత ఆ కోటుతోనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. రెండో పక్క వాడు.

పావుగంటకే నాకు తలనొప్పి పట్టుకుంది. వయొలిన్లు ఆగవు. హీరో మేడ మీంచి దూకితే వయొలిన్లు, తలుపు తీస్తే వయొలిన్లు, కూర్చుని కాఫీ తాగుతున్నా వయొలిన్లే. హీరో శత్రువు ఇంట్లో దూరి బీరువా తెరిచే సీను ఒకటుంది, మనం ఊపిరి బిగబట్టి చూడాల్సింది. అక్కడ కూడా ఊరంతా లేచేటట్టు బాకాలు ఊదేస్తుంటే ఇంక హీరో దొంగతనంగా తెరవడమేంటి? ముందు వరసలో వాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. నా శిష్యుడు మాత్రం తెర వైపు చూడటం లేదు, నా మొహమే చూస్తున్నాడు. చూస్తున్నాడని తెలిసే ఆవలించాను.

ఇంటర్వెల్లో అడిగాడు. "ఎలా ఉందండీ?"

నెమ్మదిగా చెప్పొచ్చు. బయటికి వెళ్లాకైనా చెప్పొచ్చు. నేను చుట్టుపక్కల వాళ్లకి కూడా వినపడేలా అన్నాను. "దీనికన్నా మీ నాన్న గేటు దగ్గర వాయించింది నయంరా."

వాళ్ల నాన్న అది మెచ్చుకోలే అనుకున్నాడు. "అంత మాటెందుకండీ, మావాళ్లు ఇవాళ కాస్త శ్రద్ధగా వాయించారంతే" అని మురిసిపోయాడు. వాడు చేతిలో సమోసా తినకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. నాకు జాలి వేయలేదు. మాట సూటిగా తగిలిందని సంతోషమే వేసింది.

సినిమా అయ్యాక టీ కొట్టు దగ్గర వాడు ఫోన్ తీసి నా చెవి దగ్గర పెట్టాడు. "ఆ బీరువా సీనుకి నేను మొదట చేసింది ఇదండి."

ఒక్క డప్పు. చిన్నగా మొదలై దగ్గరికి వస్తోంది. జాతరప్పుడు అమ్మవారి గరగని, అంటే అలంకరించిన ఘటాన్ని, నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ వచ్చేటప్పటి నడక అది. గుమ్మం ముందుకి రాగానే డప్పు ఠక్కున ఆగుతుంది. ఇల్లాలు గరగ ఎత్తినవాడి కాళ్లకి నీళ్లు పోసేదాకా చప్పుడుండదు. ఆ కాసేపూ మా ఊళ్లో ఎంత నోరున్న మనిషైనా నోరు మూసుకుని నిలబడతాడు. ఆ ఆగడాన్ని వాడు సరిగ్గా బీరువా తెరుచుకునే చోట పెట్టాడు. టీ కొట్టు గోలలో కూడా నాకు ఒళ్లు జలదరించింది.

"మరి దీన్ని ఎందుకు తీసేశావురా?"

వాడు ఫోన్ నా చేతికిచ్చాడు. ఆ ముక్క కింద నా జవాబు ఉంది. "జాతర వాసన ఇంకా పోలేదు నీకు. ఆ ఖాళీలన్నీ వయొలిన్లతో నింపు."

రాసినట్టు కూడా నాకు గుర్తు లేదు. పూర్తిగా వినకుండా రాశానని మాత్రం తెలిసింది, ఎందుకంటే ఆ ఆగడం నేను వినడం అదే మొదటిసారి. తప్పు నాదిరా అంటే సరిపోయేది. కానీ వాళ్ల నాన్న, మేళం వాళ్లు, అందరూ మమ్మల్నే చూస్తున్నారు. "అవతలివాళ్లు చెప్పినదానికల్లా మార్చేసుకుంటే నువ్వేం సంగీత దర్శకుడివి?" అన్నాను.

"మిమ్మల్ని అవతలివాళ్లు అనుకోలేదండి" అన్నాడు.

రెండో సినిమా రాలేదు. ఈ ఏడు జాతరకి గరగ ముందు మేళంతో పాటు డప్పు భుజాన వేసుకుని వాడే మా వీధికి వచ్చాడు. మా గుమ్మం ముందు డప్పు ఆగింది. మా ఆవిడ బిందెతో నీళ్లు పోస్తోంది. అప్పుడు నేను తప్పు నాదిరా అని ఒక్క మాట అంటే వీధంతా వినపడేది, ఆ రోజు థియేటర్లో వినపడినట్టే. నేను బిందెలోంచి పడే నీళ్లే చూస్తూ నిలబడ్డాను. ఆవిడ బిందె దించింది. వాడు నా వైపు చూడకుండా డప్పు అందుకుని పక్కింటికి నడిచాడు.