రెండు చుక్కల కొబ్బరినూనె

పాత టేప్ రికార్డర్ వెనక మూత విప్పగానే ఒక వాసన వస్తుంది. ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము, ఎప్పుడో కాలిన వైరు, వీటన్నిటి మీదా కరిగి తారైపోయిన రబ్బరు బెల్టు. ఆ బెల్టు వేలికి అంటుకుందంటే సబ్బుకు లొంగదు, కిరసనాయిలుకు లొంగదు. రెండు రోజుల పాటు అన్నం ముద్దలోనూ దాని వాసనే. వారంలో ఆరు రోజులు ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల పెట్టెలకు చీటీలు అంటించే నేను, ఏడో రోజు శంషాబాదులో మా ఇంటి ముందుగదిలో, నెత్తిమీదుగా దిగే విమానాలకు కిటికీ అద్దాలు వణుకుతుంటే, ఈ వాసన పీల్చుకుంటూ కూర్చుంటాను. ఇప్పుడు వీటిని బూమ్‌బాక్సులంటున్నారు, కుర్రకారు ముచ్చటపడి వెతికి మరీ కొంటున్నారు. మా చిన్నప్పుడు వాటికి ఒకటే పేరు, టేపు. నాకు ఈ పిచ్చి అంటించింది మా మేనత్త ఎస్తేరు.

మాది సాతంరాయి. ఊరి చివర సున్నం కొట్టిన చిన్న ప్రార్థన మందిరం, దాని పక్కనే మా పెంకుటిల్లు, ఇంట్లో అవ్వ, అమ్మ, బాపు, ఎస్తేరత్త, నేను. అత్త పట్నంలో ఒక రేడియోల ఫ్యాక్టరీలో పనిచేసేది. అది మూతపడ్డాక రేకు డబ్బా నిండా పనిముట్లు పట్టుకుని ఇంటికొచ్చేసింది. పెళ్లి మాటెత్తిన వాళ్లకు చిన్న స్క్రూ ఒకటి చేతికిచ్చి పట్టుకొమ్మనేది. అది జారిపోకుండా చూసుకునే తంటాలో వాళ్లు వచ్చిన పని మరిచిపోయేవారు. కుట్టుమిషను బల్ల మీద తెల్లబట్ట పరిచి, విప్పిన స్క్రూలను ముగ్గు గిన్నెల్లో వరసగా పెట్టి, పాట చదివే హెడ్డును స్పిరిటు దూదితో పసిపిల్ల ముక్కు తుడిచినంత మెత్తగా తుడిచేది. ఆడమనిషికి రిపేర్లేమిటని ఊళ్లో కొందరు మగవాళ్లు నవ్వేవారు గానీ, టేపు మొరాయిస్తే మాత్రం దాన్ని తమ ఇంటి ఆడవాళ్ల చేతికిచ్చి మా ఇంటికి పంపేవారు.

ఆ టేపులకు కాలానికో జబ్బు. ఎండాకాలంలో, పిల్లలం పందిళ్ల కింద దూరి కొంగులు, లాగు జేబులు ద్రాక్షపళ్లతో నింపుకునే రోజుల్లో, టేపుల నిండా ఎర్రదుమ్ము. వానాకాలంలో, హిమాయత్ సాగర్ నిండిందని తెలిసి బాపు కొత్వాల్‌గూడ దాకా సైకిలు తొక్కి తెచ్చిన చేపలు అవ్వ పులుసులో కుతకుతలాడే రోజుల్లో, చెమ్మకు గరగరమని గొంతు బొంగురు. చలికాలంలో, ఉడికించిన అనపకాయలు ఒళ్లో పోసుకుని పొయ్యి ముందు కూర్చునే రోజుల్లో, లోపలి వెచ్చదనానికి చేరిన బల్లులు పెట్టిన గుడ్లు. ఒకసారి ఒక టేపులోంచి చీమల పుట్టే బయటపడింది. బలం తగ్గిన పెద్ద సెల్లులను ఇంటి పెంకుల మీద వడియాల పక్కన ఎండబెడితే, సాయంత్రానికి అవి ఇంకో రెండు పాటలకు సరిపడా బతికొచ్చేవి.

ఊళ్లో అన్నిటికంటే పెద్దది, రెండు స్పీకర్లది, యాదమ్మ పెద్దమ్మ టేపు. ఆమెకు మాతో చుట్టరికం లేదు, మందిరానికీ రాదు; మా ఇంటి వెనకున్న ద్రాక్షతోట వాళ్లది. కాయ తీపెక్కే రోజుల్లో ఆ టేపును పందిరి గుంజకు వేలాడదీసి పిట్టల్ని బెదరగొట్టేది. ఏటా క్రిస్మస్‌కు మా పిల్లల డాన్సు కోసం తనే తుడిచి, చంకనేసుకుని తెచ్చిచ్చేది. మా పండగకు పాట ఆమెది, ఆమె బోనాలకు పప్పు రుబ్బి పెట్టేది మా అవ్వ.

నాకు తొమ్మిదేళ్లప్పుడు డిసెంబరు మొదట్లో ఆ టేపు పాడైంది. చెప్పిన రోజుకల్లా బాగుచేస్తానని అత్త మాటిచ్చింది, చేసింది, కొత్త బెల్టు వేశానని చెప్పి ఇచ్చింది. మేం డాన్సు నేర్చుకోవడానికి పెద్దమ్మ దాన్ని మళ్లీ మా ఇంట్లోనే ఉంచింది. అందరూ మందిరానికి సున్నం వేయడానికి పోయిన ఒక మధ్యాహ్నం నేనూ టేపూ ఒంటరిగా మిగిలాం. అవ్వ మోకాళ్లకు నూనె, బాపు సైకిలు గొలుసుకు నూనె, కిర్రుమనే తలుపుకు నూనె, నా జుట్టుకైతే చెప్పనే అక్కర్లేదు. పాట ఇంకా బాగా రావాలంటే టేపుకు మాత్రం ఎందుకు వద్దు? క్యాసెట్టు మూత తెరిచి, వేలి కొసతో రెండు చుక్కల కొబ్బరినూనె వేసి, ఎంతో మంచిపని చేసినట్టు మూత వేశాను.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక, ఊరంతా చూస్తుండగా డాన్సు సాధన మొదలైంది. టేపు పాట అందుకుంది, అందుకున్న మరుక్షణం ఈడ్వడం మొదలుపెట్టింది. పాడే అమ్మాయి గొంతు ముసలాయన గొంతైంది, ముసలాయన గొంతు గేదె అరుపైంది. ఆకాశంలో చుక్కను చూపిస్తూ చేతులెత్తిన పిల్లలం దించే తాళం రాక అలాగే నిలబడిపోయాం. ముందు అందరూ నవ్వారు. ఆ తర్వాత వెనక బల్ల మీంచి ఒకాయన, "ఆడిపిల్ల రిపేరు గిట్లనే ఉంటది," అన్నాడు. పండగయ్యాక పట్నంలో చూపించుకుంటానని యాదమ్మ పెద్దమ్మ మెల్లిగా చెప్పింది. సాయంత్రానికల్లా మా బల్ల మీద రిపేరుకని ఉన్న మూడు టేపులను వాటి వాళ్లు వచ్చి తీసుకుపోయారు. అత్త ఖాళీ బల్ల మీద తెల్లబట్టను మడతపెట్టడం చూశాను. నూనె సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు అత్త టేపు విప్పి, లోపలంతా తుడిచి, పాడించి చూసి, బెల్టు పోయిందని మాత్రం అంది. బెల్టు కోసం నన్ను వెంటబెట్టుకుని బస్సులో ఆరాంఘర్ వెళ్లింది. అక్కడ అత్తకు తెలిసిన ఒక చాచాది పాత సామాన్ల దుకాణం. నా కళ్లకు అది స్వర్గం: గోడ పొడవునా పళ్లూడిన టేపులు, గోనెసంచి నిండా మోటార్లు, దండలు గుచ్చిన బటన్లు, పాత సైకిలు హ్యాండిలుకు గాజుల్లా తొడిగిన వందల బెల్టులు. చాచా మా బెల్టును బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య సాగదీసి చూసి పెదవి విరిచాడు. "గీ సైజు నాలుగు రోజులు ఆగాలె బేటీ," అన్నాడు. క్రిస్మస్ మూడు రోజుల్లో ఉంది. ముగ్గురం నేలమీద కూర్చుని ఒక్కో టేపు విప్పడం మొదలుపెట్టాం. చాచా ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. మామూలుగా అయితే నాలుగు తినేదాన్ని, ఆ రోజు నా వంతు అత్త ముందుకు జరిపాను. చివరికి ఒక బెల్టు దొరికింది, కాకపోతే కొంచెం వదులు.

వదులుకు అత్త దగ్గర మందుంది. ఇంటికి రాగానే ఒక పొయ్యి మీద అమ్మ గరిజెలు వేయిస్తుంటే, రెండో పొయ్యి మీద అత్త, అవ్వ చాయ్ గిన్నెలో నీళ్లు మరగబెట్టి బెల్టును ఉడికించింది. ఉడికితే రబ్బరు బిగుసుకుంటుంది. గరిజెల కమ్మటి వాసనలో రబ్బరు కంపు కలిసేసరికి అవ్వ తిట్లు మొదలయ్యాయి. ఆ గిన్నెలో ఆమె మళ్లీ చాయ్ తాగనేలేదు. బెల్టు బిగించాక పాట ఈసారి పరుగెత్తింది, ఎందుకంటే ఈ బెల్టు కాస్త మందం. మోటారు వెనక చిన్న బొక్కలో ఉండే స్క్రూను అత్త వెంట్రుకవాసి తిప్పుతుంటే, సరైన తాళం చెప్పడానికి అవ్వ అదే కీర్తన గొంతెత్తి పాడింది. అవ్వ, టేపు ఒక్క గొంతైనప్పుడు అత్త స్క్రూడ్రైవరు తీసేసింది. మేం ముగ్గురం పిచ్చిగా చప్పట్లు కొట్టుకున్నాం.

టేపు బాగైంది గానీ అత్త పేరు బాగవలేదు. ముందు చెడగొట్టింది తనే కదా, దిద్దుకుందని అన్నారు. క్రిస్మస్ పొద్దున ఆరాధనలో, పాటలకు ముందు పాస్టరు అయ్యగారు ఎప్పట్లాగే సాక్ష్యాలు చెప్పమన్నారు. జ్వరం తగ్గినవాళ్లు, బర్రె ఈనినవాళ్లు ఒక్కొక్కరే లేచి దేవుడికి వందనాలు చెప్పి కూర్చుంటున్నారు. పిల్లల డాన్సు చూడటానికి వచ్చిన యాదమ్మ పెద్దమ్మ గడప దగ్గర కూర్చుంది. నా కాళ్లు వాటంతట అవే లేచాయి. "టేపుల కొబ్బరినూనె పోసింది నేనే. మా అత్త మంచిగనే చేసింది," అన్నాను. ఏ సాక్ష్యం విన్నా ఒకే మాట అనే అలవాటున్న మా అవ్వ కళ్లు మూసుకునే, "స్తోత్రం," అంది. ఇక నవ్వు ఆగలేదు. అయ్యగారు బైబిలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు, యాదమ్మ పెద్దమ్మ వచ్చి నన్ను ఎత్తుకుంది. అత్త మాత్రం తల దించుకుంది. నా నిజాయితీకి కళ్లు చెమర్చాయనుకున్నాను. ఆ రోజంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ డాన్సు చేయలేదు. కొత్త సంవత్సరానికి ఆ మూడు టేపులూ మా బల్ల మీదకు తిరిగొచ్చాయి.

ఆ తోటలు ఇప్పుడు లేవు, పందిరి గుంజల చోట కార్ల షోరూములు. చాచా దుకాణం ఎక్కడుండేదో పైవంతెన కింద నిలబడి ఎంత చూసినా గుర్తు పట్టలేను. బెల్టు కావాలంటే ఫోన్లో నొక్కాలి, సైజు రాసిన కవర్లో వస్తుంది, చాయ్ తాగుతావా అని అడిగే మనిషి మాత్రం దాని వెంట రాడు. సున్నం మందిరం రోడ్డు వెడల్పులో పోయింది. అత్త మాత్రం నా దగ్గరే ఉంది. డెబ్భై దాటింది, చూపు తగ్గింది, టేపు చప్పుడు విని రోగం చెబుతుంది. పోయిన వారం నేను రాసిన ఇదంతా, డాన్సు దాకా, ఆమెకు చదివి వినిపించాను.

"నువ్వు నూనె పోసింది ముంగట, మూత సందుల," అంది అత్త అంతా విన్నాక. "బెల్టుండేది ఎన్క. నూనె వాసన నాకు అప్పుడే తెలిసింది, తుడిచిన. తుడిచినంక గూడ గట్లనే ఈడ్సింది. యాదమ్మకు కొత్త బెల్టని చెప్పిన గని, నేనేసింది పాత టేపుల తీసిన సాగిన బెల్టే. చెప్పిన రోజుకు ఇయ్యాలని ఏసిన."

ముందు నాకు కోపమే వచ్చింది. ఇన్నేళ్లూ నా తప్పు అనుకుని నేను మోసినదేమిటి మరి? ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు లేస్తివి. అందరు సంబురపడ్డరు. ఇగ నేనేం లేస్త?" అని, "ఈ ఆదివారం నన్ను మందిరానికి తీస్కపో. జర చెప్పేదుంది," అంది.

అప్పుడు వచ్చింది నాకు నవ్వు, కళ్లనీళ్లతో సహా. వినాల్సిన యాదమ్మ పెద్దమ్మ లేదు, అవ్వ లేదు, వెనక బల్ల మీది ఆయనా లేడు. కొత్త మందిరంలో సగం మందికి అసలు టేపంటే ఏమిటో అత్త మొదట విడమరిచి చెప్పాలి. అయినా తీసుకెళ్తున్నాను. ఆమె మోకాళ్లు బాగాలేవు. ఆమె లేచినప్పుడు చెయ్యి పట్టుకుని నేనూ లేస్తాను.