వేడి గదిలో విదోసావ

విదోసావ నల్లబట్టల్లోకి మారి ఆరో నెల నడుస్తోంది. నిష్ ఊళ్ళో బస్సుల షెడ్డు వెనక వాటాల్లో ఆమెను ఎరగనివాళ్ళు లేరు. పీరోట్ కొండల్లో గొర్రెలు కాసుకునే ఇంట పుట్టింది. బస్సుల మెకానిక్కు రదివోయెను చేసుకుని ఊళ్ళోకి వచ్చింది. ఏటా మిరపకాయల కాలం రాగానే మొగుడూ పెళ్ళాలిద్దరూ పెరట్లో రేకుపొయ్యి పెట్టుకుని, బస్తాలకొద్దీ ఎర్రటి కాయలు కాల్చి, తొక్కలు ఒలిచి, చీకటి పడేదాకా పచ్చడి తిప్పేవారు. పోయినేడు ఆ పచ్చడి సీసాలు అరలోకి ఎక్కాయో లేదో, రదివోయె గుండె ఆగిపోయింది.

పిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది తనూ, అత్తగారూ. కోడలి కంట్లో తడి కనబడితే చాలు, ఆ ముసలామె గుండె పట్టుకుని మంచానికి అడ్డంగా వాలిపోయేది. కొడుకును పోగొట్టుకున్న తల్లి, ఏమనగలదు? అందుకని విదోసావ ఇంట్లో ఏడవటం మానేసింది. సమాధి దగ్గర ఏడుద్దామంటే చుట్టూ జనం. ఏడుపు లోపలే గడ్డకట్టుకుపోయింది. ఒళ్ళు ఎప్పుడూ చల్లగానే ఉండేది, పొయ్యి పక్కన కూర్చున్నా సరే.

చలికాలం మొదట్లో ఒకనాడు పక్క వాటా మిలూంకా వచ్చి చెయ్యి పట్టుకు లాగింది.

"లేవే, వేడి యోగాకు పోదాం. గది నిండా వేడే. నా మోకాలు చూడు, ఎట్లా వంగుతోందో!"

"మొగుడు పోయినదాన్ని, నాకు గంతులేంటే?"

"గంతులెవరు వేస్తారే అక్కడ? సగంసేపు దొర్లడమే. మీ అత్తను మా ఆయన చూస్తాడులే, ఎటూ ఖాళీగా కూర్చుని నా ప్రాణం తింటున్నాడు."

ఆ యోగా చెప్పే పిల్ల పేరు ఇస్క్రా. సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం బజారులో కూరలమ్మే మనిషిది. గది వేడెక్కించే ముందు రోజూ ఒకటే పాట పాడేది.

"గుండెజబ్బు ఉన్నవాళ్ళు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు, షుగరుకు సూది పొడుచుకునేవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, ఒకసారి ఎండదెబ్బ తిన్నవాళ్ళు నాకు చెప్పండి. డాక్టరు సరేనంటే తప్ప లోపలికి రావద్దు. జ్వరంతో రావద్దు. తాగి రావద్దు, స్లావ్కా పిన్నీ, నీ వంక చూసి అనడం లేదు."

"చూసే అన్నావులే!" అని స్లావ్కా అంటే అందరూ నవ్వేవారు.

"ఖాళీ కడుపుతోనూ వద్దు, నిండు కడుపుతోనూ వద్దు. నీళ్ళు పొద్దుటినుంచీ తాగుతూ ఉండండి. వేడికి ఒళ్ళు మెత్తబడిందని కండలు సాగలాగొద్దు, నొప్పి రేపు తెలుస్తుంది. తల తిరిగితే పడుకోండి, బయటికి పొండి. నేనేమీ అనుకోను."

విదోసావకు బీపీ ఉంది. ఒంట్లో నీరు లాగేసే మాత్ర కూడా వేసుకుంటుంది. చెబుదామనే అనుకుంది. కానీ మొదటిరోజు ఆ వేడి ముఖానికి కొట్టగానే ఆమెకు పెరట్లో రేకుపొయ్యి గుర్తుకొచ్చింది. పక్కనే రదివోయె నిలబడి కాయలు తిప్పుతున్నట్టే అనిపించింది. కళ్ళు కారడం మొదలెట్టాయి. చుట్టూ చూసింది. అందరి ముఖాలూ చెమటతో తడిసే ఉన్నాయి, ఎవరి ముఖంమీదిది ఏ నీరో ఎవరు పోల్చగలరు? విదోసావ కరువుతీరా ఏడ్చింది. ఇంటికి వచ్చి ఆకలితీరా అన్నం తిన్న మనిషిలా నిద్రపోయింది. ఇక మాత్ర సంగతి ఎక్కడ చెబుతుంది!

అట్లా చలికాలం గడిచింది. ఈస్టరుకు ముందు పెద్ద ఉపవాసాలు వచ్చాయి. మొగుడి ఆత్మ కోసం ఆమె ఆ ఏడు గట్టిగా పట్టింది. నూనె చుక్క లేకుండా ఉడికించిన చిక్కుడు గింజలు, అవీ గుప్పెడే. పైగా ఆ మాత్రతో మాటిమాటికీ ఒంటేలుకు లేవవలసి వస్తుందని, యోగాకు వెళ్ళే రోజుల్లో నీళ్ళు కూడా మానేసేది. అందరి పరుపులూ దాటుకుంటూ పోవడం ఆమెకు సిగ్గు.

ఒక శుక్రవారం చేతులెత్తి నిలబడిందల్లా, చెవుల్లో హోరు వినిపించి, గోడవారగా జారిపోయింది.

ఇస్క్రా వేడి ఆపేసి, తలుపూ కిటికీ రెండూ బార్లా తెరిచింది. మార్చినెల గాలి రివ్వున దూరింది. అంతే, గదంతా గోల. తలుపూ కిటికీ మధ్య కొట్టే గాలంటే అక్కడ అందరికీ చావుభయం.

"మూయండి, మూయండి! చెమట ఒళ్ళు! మెడలు పట్టేస్తాయి!"

మిలూంకా పరుగున వెళ్ళి కిటికీ మూసేసింది. "దాన్ని చంపుతావా ఏంటే పిల్లా? ఇట్లా గాలి నడుముకు కొడితే కిడ్నీలు పోతాయి!"

"గాలికి ఎవరూ చావరు పిన్నీ, వేడికి చస్తారు. తప్పుకో!" ఇస్క్రా మళ్ళీ తెరిచి, ఈసారి కిటికీకి వీపు ఆనించి నిలబడింది. "స్లావ్కా పిన్నీ, తడిబట్ట మెడమీద వెయ్యి. కాళ్ళు కుర్చీమీదికి ఎత్తండి."

"కాస్త రాకియా సారాతో అరికాళ్ళు రుద్దుదామా?" అంటూ స్లావ్కా సంచిలోంచి సీసా తీసింది.

"వద్దు! ఆ సీసా ఇక్కడికెట్లా వచ్చింది?"

కళ్ళు తెరిచిన విదోసావకు ఆ గోలంతా తనకోసమేనని అర్థమైంది. ఇస్క్రా గుటక గుటకగా నీళ్ళు తాగిస్తూ, నాడి పట్టుకుని అడిగింది: "ఏం మాత్రలు వేసుకుంటున్నావు పిన్నీ? నిజం చెప్పు." చెప్పింది. ఇస్క్రా ముఖం తెల్లబోయింది. ఆమే స్వయంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ మాత్రతో, ఆ ఉపవాసంతో వేడి గది ఊసే ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

బయటికి రాగానే విదోసావ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"నన్ను రావద్దనకే తల్లీ. తలుపు పక్కనే ఉంటాను. నీళ్ళు తాగుతాను."

"కుదరదు పిన్నీ. పొద్దున వేడి లేని తరగతి ఉంది, దానికి రా."

"దానికి వచ్చి ఏం చేసుకోను? అక్కడ ముఖాలు పొడిగా ఉంటాయి." నోరు జారింది. ఇక ఆగలేదు. "ఊళ్ళో నేను ఏడవగలిగే చోటు నీ వేడి గది ఒక్కటేనే."

ఇస్క్రా ఆ రోడ్డుమీదే ఆమెను దగ్గరికి తీసుకుంది.

విదోసావ పొద్దుటి తరగతికి వెళ్ళింది, బతిమాలించుకుని వెళ్ళినట్టు. చల్లటి గది, కిటికీ తెరిచే ఉంది. అన్నీ అయ్యాక ఇస్క్రా అందరినీ వెల్లకిలా పడుకోబెట్టి, ఒక్కొక్కరి కళ్ళమీదా మడిచిన తువ్వాలు కప్పుకుంటూ వచ్చింది. అంతకుముందు ఆ అలవాటు లేదు. ఎందుకని ఎవరో అడిగితే, "వెలుతురు పడకుండా," అంది. విదోసావ తువ్వాలు కింద కన్నీళ్ళు వదిలేసింది. తువ్వాలు మందంగా ఉంది, ఎంతైనా పీల్చుకుంటుంది.

పక్కన ఏదో చప్పుడైతే తువ్వాలు అంచు ఎత్తి చూసింది. మిలూంకా! వేడి గదే తన ప్రాణమనే మనిషి, నడుముకు ఉన్ని శాలువా చుట్టుకుని, మెడకు ఇంకొకటి కట్టుకుని, అప్పుడే వచ్చి, తెరిచిన కిటికీకీ విదోసావకూ మధ్య పరుపు వేసుకుంటోంది.

"నువ్వెందుకొచ్చావే ఇక్కడికి?"

"నోరు మూసుకుని ఏడువు," అంది మిలూంకా గుసగుసగా. "ఆ గాలేదో ముందు నాకు తగలనీ."