బ్లాక్ తర్వాత కూడా టైం ఉంది

ఒక చిన్న అబద్ధాన్ని చాలా ఏళ్లుగా మోస్తున్నాను. నిజంగా చిన్నదే. చెప్పినప్పుడు అట్టముక్కంత బరువు కూడా ఉండదనుకున్నాను. కానీ ఆదివారం వచ్చిందంటే చాలు, గుండెల మీద కూర్చునేది. ఇవాళ దించేస్తున్నాను. ఏడుస్తూ కాదు, ఈల వేస్తూ. తప్పు చేసినవాడికి ఇంత సంబరమేమిటని మీరు అడగొచ్చు. చివరిదాకా వినండి, తర్వాత మీ ఇష్టం.

నేను ఉండేది కెనడాలోని ఒషావాలో. కార్ల విడిభాగాలను తనిఖీ చేసే ఉద్యోగం. ఇతరుల తప్పులు పట్టుకుని జీతం తీసుకుంటాను. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

మా అపార్ట్‌మెంట్ కింది హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు కొందరు తెలుగువాళ్లం చేరి కార్డుల ఆట ఆడతాం. పేకాట కాదు. బొమ్మల కార్డులు; ఒక దాని మీద సైనికుడు, ఇంకో దాని మీద డ్రాగన్, మరో దాని మీద మంత్రం. ఎవరి కట్ట వాళ్లే సమకూర్చుకోవాలి. ఈ ఆట అందరికీ నేర్పింది నేనే. సన్న అక్షరాల రూల్‌బుక్కు కూర్చుని చదివినవాణ్ని నేనొక్కణ్ణే. అందుకని నా మాటే రూలు. ఫోన్ తీసి వెతికితే నిమిషంలో తెలిసేవి కూడా నన్నే అడిగేవారు. ఎంత హాయిగా ఉండేదో! ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. చివరి ఆట ఓడినవాళ్లు అందరికీ టీ పెట్టాలి. అప్పటిదాకా నేను ఒక్కసారి కూడా పెట్టలేదు.

అప్పుడు పావని వచ్చింది. కరీంనగర్ అమ్మాయి. ఇక్కడ కాలేజీలో చదువుతూ వాన్ అనే ఊళ్లో ఒక వేర్‌హౌస్‌లో పార్ట్‌టైం చేసేది. కళ్లు మూతలు పడుతున్నా ఆదివారం మానేది కాదు. నెల తిరక్కుండానే చివరి ఆటకు నా ఎదురుగా కూర్చుంది.

ఒక బక్క సైనికుణ్ణి నా మీదికి అటాక్‌కు పంపింది. నా దగ్గర పెద్ద డ్రాగన్ ఉంది. దాన్ని అడ్డం పెడితే సైనికుడు నలిగిపోతాడు. "బ్లాక్" అన్నాను దర్జాగా. అప్పుడామె నవ్వి, చేతిలోంచి ఒక కార్డు తీసింది. సైనికుడి బలం పెంచే మంత్రం. అది ముందే వేసి ఉంటే నేను డ్రాగన్‌ను అడ్డం పెట్టేవాణ్ణే కాదు. అందుకే నేను బ్లాక్ చెప్పేదాకా ఆగింది. ఈ ఆటలో కొట్లాట కిటుకంతా ఆ వరసలోనే ఉంది: ముందు అటాక్, తర్వాత బ్లాక్, ఆ తర్వాత మంత్రాలకు కాస్త వ్యవధి, ఆ పైన దెబ్బలు. ఆ వ్యవధి విలువ ఎవరూ చెప్పకుండానే ఆమె పట్టేసింది. నాకు వల పన్నింది, నేను పడ్డాను.

కార్డు బల్ల మీద పెట్టబోతూ, మర్యాదకు అడిగింది.

"బ్లాక్ అయినంక ఇది వేయొచ్చు కదన్నా?"

"లేదమ్మా. బ్లాక్ చెప్పాక తలుపు పడిపోయినట్టే. ముందే వేయాల్సింది."

"అట్లనా? నాకు తెల్వదన్నా. సారీ."

కార్డు మళ్లీ చేతిలో పెట్టుకుంది. సైనికుడు పోయాడు, ఆటా పోయింది. లేచి వెళ్లి అందరికీ అల్లం టీ పెట్టింది. తాగాను. బాగుందని కూడా అన్నాను.

ఎందుకు చెప్పాను ఆ అబద్ధం? ఓడిపోతానని భయమా? ఓడితే ఏం పోయేది, టీ పెట్టాల్సి వచ్చేది, అంతేగా. కాదు. నిన్నగాక మొన్న నేర్చుకున్న పిల్ల నాకన్నా బాగా ఆడుతోందని, ఇంట్లో గానీ ఉద్యోగంలో గానీ దొరకని పెద్దరికం ఆ హాల్లో మాత్రమే నాకుందని, అది కాస్తా ఒక బక్క సైనికుడి చేతిలో పోతోందని ఆ క్షణంలో అర్థమైంది. అసూయ. దానికి ఇంకో పేరు లేదు.

అబద్ధం అక్కడితో ఆగితే బాగుండేది. అది మా హాలు రూలైపోయింది. "తలుపు పడింది!" అని అందరూ సరదాగా అరిచేవారు. దానికి కట్టుబడి నేనూ ఎన్ని ఆటలు ఓడానో, ఎన్నిసార్లు టీ పెట్టానో! ఊళ్లోని కార్డుల షాపుకు వెళ్లి నేను ఆడేటప్పుడు అసలు రూలు, ఇక్కడికొస్తే దొంగ రూలు. పావని షాపు టోర్నమెంట్‌కు వస్తానన్నప్పుడల్లా, నువ్వింకా రెడీ కాలేదమ్మా అనేవాణ్ణి. వస్తే నా గుట్టు బయటపడుతుంది మరి. అసలు తప్పు ఆ అబద్ధం కాదేమో, ఇదేనేమో. అంత బాగా ఆడే మనిషిని ఏళ్ల తరబడి ఆ హాల్లోనే కూర్చోబెట్టాను.

చదువయ్యాక ఆమె మాంట్రియల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరింది. ఈమధ్య అక్కడ ఒక పెద్ద టోర్నమెంట్‌కు నన్ను అడక్కుండానే పేరిచ్చి, చూడ్డానికి రమ్మని ఫోన్ చేసింది. వెళ్లాను. గెలిస్తే కెనడా మొత్తానికి జరిగే పోటీలో చోటు. రెండు రౌండ్లు ఓడితే ఇంటికే.

మొదటి రౌండ్‌లోనే జరిగింది. ఎదుటివాడు చిన్నదానితో అటాక్ చేశాడు, ఈమె పెద్దదాన్ని అడ్డం పెట్టింది, అతను తాపీగా మంత్రం వేశాడు. పావని చెయ్యెత్తి జడ్జిని పిలిచింది. ఎంత ధీమాగా పిలిచిందో! జడ్జి వచ్చి, విని, బ్లాక్ తర్వాత కూడా వేయొచ్చని ఓపిగ్గా చెప్పాడు. పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు. ఆ రౌండ్ పోయింది.

నాకు పారిపోవాలనిపించింది. ఆమే నా దగ్గరికి వచ్చింది. "మనకు తెల్వక ఇన్నేండ్లు తప్పు ఆడినమన్నా. నువ్వేం ఫీల్ గాకు" అంది. నన్ను ఓదార్చింది!

చూశారా? తప్పించుకునే దారి ఆమే చూపించింది. పాపం, తెలియక చెప్పాడనిపించుకుని ఉండిపోవచ్చు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. కానీ ఆ ఓదార్పు నేను భరించలేకపోయాను. "నాకు తెలుసు పావనీ. అప్పుడే తెలుసు. నువ్వు గెలిచేస్తున్నావని అలా చెప్పా" అన్నాను.

ఆమె వేళ్ల మీద ఏవో లెక్కపెట్టుకుంది. ఆ పాత ఆటను మనసులో మళ్లీ ఆడుకుంటున్నట్టుంది. చివరికి, "అంటే ఆ రోజు నేనే గెలిచిన" అని, బల్లల వైపు వెళ్లిపోయింది.

ఆ తర్వాత చూడాలి ఆమె ఆట! ఇన్నేళ్లూ మూసి ఉందనుకున్న తలుపు తెరిచే ఉందని తెలిసిన మనిషి ఎలా ఆడుతుందో అలా ఆడింది. బ్లాక్ తర్వాత ఆగడం, నవ్వడం, కార్డు తీయడం. ఒక్కొక్కరే ఓడి లేచిపోయారు. ఫైనల్‌లో ఒక బక్క సైనికుణ్ణి ముందుకు పంపింది. ఎదుటివాడు కాసేపు ఆలోచించి పెద్ద రాక్షసుణ్ణి అడ్డం పెట్టాడు. పావని కార్డు తీసింది. వేయొచ్చా అని ఎవరినీ అడగలేదు. బల్ల మీద ఠపీమని వేసింది. నేను కుర్చీ ఎక్కి అరిచాను. సెక్యూరిటీ అతను వచ్చి దించాడు.

ట్రోఫీతో బయటికి వస్తుంటే టీ తెచ్చి ఇచ్చాను. తీసుకుంది. తాగింది. అల్లం లేదంది. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. ఆ సాయంత్రం నన్ను అన్నా అని కూడా పిలవలేదు.

తర్వాతి ఆదివారం హాల్లో అందరి ముందూ చెప్పాను. కొందరు నాతో ఆడటం మానేశారు. న్యాయమే. ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఆ రోజు ఆట పావని గెలిచింది. నేను ఓడాను. రాస్తుంటే ఎంత హాయిగా ఉందో తెలుసా? ఇంకోసారి రాస్తాను. ఆ రోజు ఆట పావని గెలిచింది.